నయాగరా వంతెన దగ్గర తెరుచుకునే పాత కేసు

“2022లో ఒక పార్టీ నుంచి వస్తూ తాగి కారు నడిపిన కేసులో దొరికాను. జరిమానా కట్టాను, కోర్టు చెప్పిన తరగతులకు వెళ్లాను, ప్రొబేషన్ (కోర్టు పెట్టిన పర్యవేక్షణ గడువు) ముగిసింది. ఇప్పుడు గ్రీన్ కార్డు ఉంది. వచ్చే నెల అమ్మానాన్నలకు నయాగరాను కెనడా వైపు నుంచి చూపించాలనుకుంటున్నాను. ఇబ్బంది ఉంటుందా?”

ఉంటుంది. ఇదే ధైర్యంతో బయలుదేరిన మా స్నేహితుడి కారులో ఆ రోజు పక్క సీట్లో నేనున్నాను. తల్లిదండ్రులకు కెనడా వీసాలు ముందే తీసుకున్నాడు. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి తనకు వీసా అక్కర్లేదు. వంతెన దాటాక కిటికీలోంచి అధికారి అడిగిన మొదటి రెండు ప్రశ్నలూ మామూలువే. మూడోది, “ఎప్పుడైనా అరెస్టయ్యారా?” అతను అద్దంలో వెనక కూర్చున్న అమ్మ వంక చూశాడు. తనకూ ఉన్న అలాంటి పాత కేసు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. “లేదు” అన్నాడు. అధికారి కంప్యూటర్ వైపు కాసేపు చూసి, కారు పక్కన పెట్టి లోపలికి రమ్మన్నాడు. మూడు గంటలు కూర్చున్నాం. పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆవిడ “ఏమైంది నాన్నా?” అని ఎన్నిసార్లు అడిగిందో! చివరికి అందరం వెనక్కి వచ్చేశాం.

అమెరికాలో చాలా రాష్ట్రాలు మొదటిసారి దొరికినదాన్ని చిన్న నేరంగానే చూస్తాయి. న్యూజెర్సీలోనైతే అది క్రిమినల్ నేరం కూడా కాదు, ట్రాఫిక్ ఉల్లంఘన. మనవాళ్లు ధీమా పడేది ఇక్కడే. దేశంలోకి రానివ్వాలా వద్దా అని తేల్చేటప్పుడు కెనడా మీ రాష్ట్రం పెట్టిన పేరు చూడదు. అదే పని తమ దేశంలో చేసి ఉంటే ఏ నేరమయ్యేదో చూస్తుంది. 2018 డిసెంబర్ 18 నుంచి అక్కడ తాగి బండి నడపడానికి గరిష్ఠ శిక్ష ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెరిగింది. దాంతో అది తీవ్ర నేరాల జాబితాలో చేరింది. అంతకుముందైతే ఒక్క కేసే ఉన్నవారికి శిక్ష ముగిసిన పదేళ్లకు అడ్డంకి దానంతటదే తొలగేది. మీ కేసు 2022 నాటిది కాబట్టి ఆ వెసులుబాటు మీకు లేదు.

దారులు రెండున్నాయి. శాశ్వత పరిష్కారం ‘క్రిమినల్ రిహాబిలిటేషన్’, అంటే పాత నేరం ఇక ప్రవేశానికి అడ్డు కాదని కెనడా ఇచ్చే ఆమోదం. శిక్ష పూర్తిగా ముగిసిన ఐదేళ్ల తర్వాతే దానికి దరఖాస్తు చేయాలి. దొరికిన రోజు నుంచి లెక్క వేసుకోకండి. జరిమానా, ప్రొబేషన్, బండి నడపకూడదన్న గడువు, అన్నీ అయ్యాకే ఐదేళ్లు మొదలవుతాయి. కోర్టు తీర్పు నకలు, జరిమానా కట్టిన రసీదు ఇప్పటి నుంచే దాచుకోండి. ఈలోగా తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే తాత్కాలిక పర్మిట్ ఉంది. అది ఇవ్వడం ఇవ్వకపోవడం అధికారి ఇష్టం, గట్టి కారణం చూపాలి. తోబుట్టువు పెళ్లికో కంపెనీ పనికో అడిగితే అర్థముంది కానీ జలపాతం చూడటానికి ఇస్తారని నేననుకోను. చౌకగా దొరికిందని టొరంటో మీదుగా ఇండియాకు టికెట్ కొనేవాళ్లకూ ఇదే చిక్కు.

అబద్ధం మాత్రం ఆడకండి. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే ఐదేళ్లు కెనడాలో అడుగు పెట్టనివ్వకపోవచ్చు. పాత కేసుకు పరిష్కారముంది, దాన్ని దాచడంతో కొత్త కేసు తెచ్చుకున్నట్లవుతుంది.

హెచ్1బీ (ఉద్యోగ), ఎఫ్1 (విద్యార్థి) వీసాల మీద ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్ల గురించే నాకు ఎక్కువ బెంగ. 2015 నుంచి అమెరికా విదేశాంగ శాఖ, తాగి నడిపి అరెస్టయితే చాలు, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు చేయగలుగుతోంది. అమెరికాలో ఉన్నంతకాలం ఉద్యోగమూ చదువూ సాగవచ్చు. దేశం దాటితే మాత్రం తిరిగి రావడానికి మళ్లీ స్టాంపింగ్ (పాస్‌పోర్టులో కొత్త వీసా) కావాలి, దానికి ముందు కాన్సులేట్ సూచించిన డాక్టరు దగ్గర వైద్య పరీక్ష ఉండవచ్చు. నాన్నకు బాగాలేదని హైదరాబాద్ పరుగెత్తినవాళ్లు వారాలకు వారాలు అక్కడే చిక్కుకుపోతారు. అరెస్టయిన వెంటనే ఇమిగ్రేషన్ లాయరును కలవండి, ట్రాఫిక్ లాయరు ఒక్కరే సరిపోరు.

ఇండియాలో జరిగినదీ లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్‌లో శనివారం రాత్రి బ్రీత్ అనలైజర్‌లో దొరికి, కోర్టులో జరిమానా కట్టి మరిచిపోయిన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. అది మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద పడిన శిక్షే. అమెరికా వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టు గానీ శిక్ష గానీ జరిగిందా అని అడిగినచోట అవునని రాసి, కాగితాలు దగ్గర ఉంచుకోవాలి.

మీ ప్రశ్నకు వస్తే, ఈసారి అమ్మానాన్నలకు అమెరికా వైపు నుంచే చూపించండి. అక్కడున్న గోట్ ఐలాండ్ అనే దీవి మీద నడిస్తే జలపాతం అంచుదాకా వెళ్లవచ్చు, పడవ కూడా ఇటునుంచే ఎక్కవచ్చు. వాళ్లకు కెనడా వీసాలు ఉంటే మీ భార్యో స్నేహితుడో అటు తీసుకెళ్లవచ్చు, మీరు ఇవతలే ఆగండి. ఎందుకు రావడం లేదని అమ్మ అడుగుతుంది. ఆ జవాబు బయలుదేరే ముందు ఇంట్లోనే, మీ నోటితోనే చెప్పండి.