తోడు గుర్రాన్ని పెట్టి పిల్లకు పాలు మాన్పించడం ఎలా?

సందేహం: మా ఆడ గుర్రానికి ఐదు నెలల మగ పిల్ల ఉంది. దాని ఈడు పిల్లలు మా దగ్గర లేవు. విత్తులు తీయించిన ముసలి మగ గుర్రం ఒకటి మాత్రం ఉంది. దాన్ని తోడుగా ఉంచి ఇంటి వద్దే పాలు మాన్పించవచ్చా? తల్లి పొదుగు గట్టిపడితే ఏం చేయాలి?

సలహా: నిస్సందేహంగా మాన్పించవచ్చు. పిల్ల ఆరోగ్యంగా ఉండి, తన బరువులో 1 శాతం దాకా దాణా, దానితోపాటు ఎండుగడ్డి రోజూ తినగలుగుతుంటే ఐదు నెలల వయసు సరిపోతుంది. అయితే చాలామంది తల్లిని తీసేసిన రోజునే తోడు గుర్రాన్ని తెచ్చి కడతారు. అది పొరపాటు. కనీసం రెండు మూడు వారాల ముందు నుంచే ముగ్గురినీ కలిపి మేపితే, తల్లి వెళ్లేనాటికి ఆ ముసలి గుర్రం పిల్లకు కొత్తదిగా అనిపించదు. మొదట్లో పిల్ల దాని ముందు మెడ చాచి, నోరు తెరిచి మూస్తూ దవడలు టపటపలాడిస్తుంది. కరవబోతోందని కంగారుపడి విడదీయకండి, తాను చిన్నదాన్నని అది ఒప్పుకునే తీరు అదే. పెద్ద గుర్రం చెవులు వెనక్కి వాల్చి దూరంగా తరమడం వరకు పరవాలేదు గానీ, మూలకు నెట్టి తన్నుతుంటే మాత్రం అది తోడుకు పనికిరాదు.

వేరు చేసే రోజున పిల్లను కదిలించకుండా, అలవాటైన చోటే తోడు గుర్రంతో ఉంచి, తల్లినే అవతలకు తీసుకువెళ్లాలి. మొదటి రెండు మూడు రోజులు పిల్ల సకిలిస్తూ కంచె వెంట పరుగులు తీస్తుంది కాబట్టి ముళ్లతీగ ఉండకూడదు. దాణా పెట్టేటప్పుడు పెద్ద గుర్రాన్ని పక్కన కట్టేయండి, లేకపోతే పిల్ల వాటా కూడా అదే తినేస్తుంది. నట్టల మందు, టీకాలు, విత్తులు తీయించడం వంటివేవీ ఆ వారంలో పెట్టుకోవద్దు.

తల్లికి వారం ముందు నుంచే దాణా తగ్గించి గడ్డి మీద ఉంచండి. పొదుగు బిగిసినా జాలిపడి పిండవద్దు. లోపల నిలిచిన పాల ఒత్తిడి వల్లనే కొత్త పాలు ఊరడం ఆగుతుంది, పిండితే మళ్లీ ఊరతాయి. రోజూ కాసేపు నడిపిస్తే వాపు తగ్గుతుంది. ఒక పక్క మాత్రమే వేడిగా, ముట్టుకోనివ్వనంత నొప్పిగా ఉండి, జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ దాటితే పొదుగువాపుగా అనుమానించి పశువైద్యుడిని పిలవాలి. పాలు పూర్తిగా ఇంకిపోయేదాకా తల్లీపిల్లలను కలపవద్దు. నెల దాటాక కలిపినా కొన్ని పిల్లలు తిన్నగా పొదుగు దగ్గరికే వెళతాయి, అలా జరిగితే మరికొన్ని వారాలు వేరుగానే ఉంచండి.