లారీ డ్రైవర్ కుమారుడు ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ కావాలంటే సి.పి.సి. కోర్సుకు డబ్బు కట్టాలా?

ప్రశ్న: మాది పరకాల. 22 ఏళ్లుగా లారీ నడుపుతున్నాను. మా అబ్బాయికి 19 ఏళ్లు, హనుమకొండలో బి.కాం. రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాడు నాలాగా స్టీరింగు పట్టకుండా ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ కావాలని నా కోరిక. యూరప్‌లో చెల్లే మేనేజర్ సి.పి.సి. సర్టిఫికెట్‌ను 35 గంటల ఆన్‌లైన్ క్లాసులతో ఇప్పిస్తామని ఒక సంస్థవారు 85 వేల రూపాయలు అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టవద్దండి. సి.పి.సి. (సర్టిఫికెట్ ఆఫ్ ప్రొఫెషనల్ కాంపిటెన్స్, అంటే వృత్తి యోగ్యతా పత్రం) అనే అర్హత నిజంగానే ఉంది, దానికి విలువ కూడా ఉంది. అయితే ఆ పేరుతో యూరప్‌లో రెండు వేర్వేరు అర్హతలు ఉన్నాయి. మీకు కోర్సు అమ్మజూపుతున్నవారు ఆ రెండింటినీ కలిపేశారని వారు చెప్పిన 35 గంటల లెక్కే పట్టిస్తోంది.

మొదటిది డ్రైవర్లది. లారీ, బస్సు వృత్తిగా నడిపేవారు మొదట 280 గంటల శిక్షణ గాని, దానికి బదులుగా 140 గంటల త్వరిత శిక్షణ గాని పొందాలని, లేదా నేరుగా పరీక్షలు రాసి నెగ్గాలని, ఆ తరువాత అయిదేళ్లకోసారి 35 గంటలు తరగతులకు హాజరు కావాలని యూరోపియన్ యూనియన్ 2003లో ఆదేశం చేసింది. అంటే ఆ 35 గంటలు అప్పటికే ఈ అర్హత ఉన్న డ్రైవరు దానిని నిలబెట్టుకోవడానికి చేసేవే తప్ప మేనేజరును తయారు చేసేవి కావు.

రెండోది మేనేజర్లది. 2009 నాటి 1071వ నిబంధన ప్రకారం కిరాయికి సరుకు రవాణా చేసే సంస్థ అర్హత గల ఒక ట్రాన్స్‌పోర్ట్ మేనేజరును చూపించాలి. ఒప్పందం మీద బయటి నుంచి పనిచేసే మేనేజరు నాలుగు సంస్థలకు, అన్నీ కలిపి 50 బండ్లకు మించి బాధ్యత తీసుకోకూడదు. వ్యాపార చట్టం, కార్మిక చట్టం, పన్నులు, ఆర్థిక నిర్వహణ, వాహనాల సాంకేతిక ప్రమాణాలు, రహదారి భద్రత అన్నీ పరీక్షలో ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా, అభ్యర్థి తాను నివసించే దేశంలోనో, పనిచేసే దేశంలోనో ఆ పరీక్ష రాయాలి, మేనేజరు యూరోపియన్ యూనియన్‌లోనే నివసించాలి. ఈ షరతు చదివాక హనుమకొండలో ఉన్న విద్యార్థికి ఆ సర్టిఫికెట్ ఎలా ఇప్పిస్తారో ఆ సంస్థవారినే అడిగి చూడండి.

ఆ చదువులోని సారం మాత్రం మీకు కొత్తేమీ కాదు. అక్కడ డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాలి, రోజుకు 9 గంటలకు మించి నడపకూడదు, వారానికి రెండుసార్లు మాత్రం 10 గంటల దాకా వెళ్లవచ్చు. ఉదయం 6 గంటలకు బయలుదేరిన బండి పదిన్నరకు ఆగి, 11.15కు కదిలితే మధ్యాహ్నం 3.45కు ఆ రోజు 9 గంటల కోటా పూర్తవుతుంది. ఆ లెక్కలో బండి ఎక్కడ ఆగుతుందో, సరుకు ఎప్పుడు దిగుతుందో ముందే చూసుకోవడం మేనేజరు పని. మన దేశంలోనూ అయిదుగురు, అంతకంటే ఎక్కువమంది పనివారు ఉన్న రవాణా సంస్థల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మాత్రమే పని ఉండాలని 1961 నాటి చట్టం చెప్పింది, 2025లో దాని స్థానంలో కొత్త కార్మిక స్మృతి వచ్చింది. ఆ పాత నియమం రోడ్డు మీద ఎంతవరకు అమలైందో నాకంటే మీకే బాగా తెలుసు.

మన దగ్గర మేనేజరుకు చట్టం ఇలాంటి పరీక్షేదీ పెట్టలేదు. డ్రైవరుకు ఉన్న ఎనిమిదో తరగతి నిబంధనను కూడా 2019లో తీసేశారు. కాబట్టి ఇక్కడి సంస్థలు డిగ్రీతో పాటు పని తెలిసిందా లేదా అన్నదే చూస్తాయి. అబ్బాయి బి.కాం. పూర్తి చేయాలి, ఆపకూడదు. ఆ తరువాత లాజిస్టిక్స్‌లో ఎం.బి.ఏ. చేయవచ్చు. రోడ్డు రవాణా మీదే ప్రత్యేకంగా పనిచేసే పుణెలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రోడ్ ట్రాన్స్‌పోర్ట్ శిక్షణలను కూడా గమనించవచ్చు.

స్టీరింగు పట్టకూడదన్న మీ పట్టుదలతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవించలేను. బండి నడపడం తెలిసిన మేనేజరును డ్రైవర్లు తేలికగా మోసగించలేరు, అతనూ వారికి అసాధ్యమైన టైము పెట్టడు. లైట్ లైసెన్సు తీసుకుని ఏడాది గడిచి, 20 ఏళ్లు నిండితే రవాణా వాహనం నేర్చుకోవచ్చు. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలోని డ్రైవింగ్ శిక్షణ సంస్థ మీకు మరీ దూరం కాదు. రేపు డ్రైవరుగానే విదేశానికి వెళ్లాలనుకున్నా, విదేశీ ఉద్యోగాలు చూపించే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను ముందు సంప్రదించండి. రిజిస్టరైన ఏజెంటు కూడా సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దానిపై జి.ఎస్.టి. తప్ప ఎక్కువ తీసుకోకూడదు.

ఈ సెలవుల్లో మీ ట్రిప్పు కాగితాలు వాడి ముందు పెట్టండి. ఏనుమాముల మార్కెట్ నుంచి చెన్నైకి మిర్చి లోడు వెళ్తుందనుకోండి, దూరం దాదాపు 700 కిలోమీటర్లు. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున, సరుకుతో పాటు ఉండాల్సిన ఈ-వే బిల్లు నాలుగు రోజులే చెల్లుతుంది. బండికి ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. డీజిల్, టోల్, హమాలీ, మీ బత్తా, టైర్ల అరుగుదల పోను యజమానికి ఆ కిరాయిలో ఎంత మిగిలిందో వాడినే రాయమనండి. అది రాశాక, ఈ పని తనకు నచ్చిందో లేదో వాడినే అడిగి నాకు మళ్లీ రాయండి.