క్రీట్‌లో నోసోస్ ఒక్కటే చాలదు, స్పినలోంగా చూడండి

గ్రీస్‌లోని క్రీట్ దీవిలో నాలుగు రోజులుంటామనీ, చారిత్రక స్థలాల్లో నోసోస్ అనే ప్రాచీన రాజభవనం ఒక్కటి చూస్తే సరిపోతుందా అనీ అడిగారు. సరిపోదు. ఒక్క చోటికే వీలుంటుందంటే నోసోస్ వదిలేసి, ఒకప్పుడు కుష్ఠు రోగుల్ని ఉంచిన స్పినలోంగా దీవికి వెళ్ళమంటాను. గ్రీకు చరిత్ర బాగా చదివినవాళ్ళు ఈ మాట ఒప్పుకోరని తెలుసు. అయినా నా మాట మారదు.

ముందు నోసోస్ సంగతి చెప్తాను. క్రీట్ ముఖ్య పట్టణం హెరాక్లియన్ నుంచి ఐదు కిలోమీటర్లు, సిటీ బస్సు వెళ్తుంది. అక్కడ మొదట తవ్వినవాడు మినోస్ కలొకైరినోస్ అనే స్థానికుడు, 1878లో. పేరంతా 1900లో తవ్వకం మొదలుపెట్టిన ఇంగ్లీషు పురావస్తు పరిశోధకుడు ఆర్థర్ ఎవాన్స్‌కి దక్కింది. ఎవాన్స్ తవ్వి ఊరుకోకుండా కాంక్రీటు పోయించి, ఎర్ర స్తంభాలు నిలబెట్టి, తన ఊహలోని రాజభవనాన్ని పైకి లేపాడు. ఫొటోల్లో మీరు చూసే ఆ స్తంభాలకు వయసు వందేళ్ళే. గోడల మీద బొమ్మలు కూడా నకళ్ళు. అసలువన్నీ హెరాక్లియన్ మ్యూజియంలో ఉన్నాయి. ఎద్దు వీపు మీద పల్టీ కొడుతున్న మనిషి, రెండు చేతుల్లో పాములు పట్టుకున్న దేవత, ఇంతవరకూ ఎవరికీ చదవడం రాని ఫైస్టోస్ మట్టి బిళ్ళ, అన్నీ అక్కడే. మ్యూజియానికి ఒక పూట పూర్తిగా ఇవ్వండి. నోసోస్‌కి పొద్దున్నే గేటు తీసేసరికి వెళ్ళి, ఎండ ముదిరేలోపు బయటపడండి.

నోసోస్ కట్టిన ప్రాచీన క్రీట్ ప్రజల్ని మినోవన్‌లు అంటారు. వాళ్ళ కట్టడం ఎలా ఉండేదో నిజంగా చూడాలంటే వాళ్ళదే ఇంకో రాజభవనం, ఫైస్టోస్ మేలు. ఇటలీవాళ్ళు తవ్వి, కొత్తగా ఏమీ కట్టకుండా రాళ్ళను రాళ్ళలాగే ఉంచారు. దారిలో గోర్టిన్ అనే పాత నగరం శిథిలాలు వస్తాయి, అక్కడ తప్పకుండా ఆగండి. క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దంలో చెక్కిన చట్టం ఒక గోడ నిండా ఉంది, దాదాపు ఆరు వందల వరుసలు. అరక దున్నినట్టు ఒక వరుస ఎడమ నుంచి కుడికి, తర్వాతది కుడి నుంచి ఎడమకి సాగుతుంది. విడాకులు తీసుకున్న ఆడది పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆస్తి మొత్తం, దాని మీద వచ్చిన పంటలో సగం, ఆ ఇంట్లో తను నేసిన బట్టలో సగం తీసుకెళ్ళవచ్చని ఆ గోడ మీద రాసి ఉంది. నేసిన బట్టలో కూడా వాటా! మన ఇళ్ళలో ఇప్పటికీ పెళ్ళికి పెట్టిన బంగారం వెనక్కి అడిగితే పంచాయితీ పెడతారు. ఆ గోడ దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. మా ఆయన కార్లో కూర్చుని హారన్ కొడుతున్నా కదలబుద్ధి కాలేదు.

ఇక స్పినలోంగా. క్రీట్‌కి ఈశాన్యాన, ఒడ్డుకి బాగా దగ్గరగా ఉన్న చిన్న రాతి దీవి. 1579లో, అప్పట్లో క్రీట్‌ని ఏలుతున్న వెనిస్‌వాళ్ళు ఇక్కడ కోట కట్టడం మొదలుపెట్టారు. 1669లో క్రీట్ అంతా తుర్కుల చేతికి పోయినా ఈ కోట 1715 దాకా లొంగలేదు. గైడ్‌లు ఈ యుద్ధాల కథే ఎక్కువసేపు చెప్తారు. నన్నడిగితే అసలు చరిత్ర 1903లో మొదలవుతుంది. అప్పటి క్రీట్ ప్రభుత్వం దీన్ని కుష్ఠు రోగుల దీవిగా మార్చింది. ఆ మరుసటి ఏడాది నుంచి రోగుల్ని తెచ్చి దింపడం మొదలైంది. 1957లో మూసేసేదాకా అలాగే నడిచింది.

మా నాన్న విజయనగరం జిల్లాలో లెప్రసీ వర్కర్‌గా పనిచేసి రిటైరయ్యారు. సైకిల్ మీద ఊరూరా తిరిగి, మచ్చ ఉన్నవాళ్ళని కళ్ళు మూసుకోమని, పెన్ను మొనతో మెల్లగా తాకి, ఎక్కడ తాకానో వేలితో చూపించమనేవారు. చూపించలేకపోతే మందు మొదలుపెట్టేవారు. పెద్దరోగం వాళ్ళింటికి వెళ్ళొస్తాడని మా వీధిలో కొందరు మా ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగేవాళ్ళు కాదు. అందుకే నాన్న మా దగ్గరికి జర్మనీ వచ్చినప్పుడు క్రీట్ టిక్కెట్లు తీసుకున్నాం.

పడవ దిగగానే ఒక సొరంగంలాంటి దారిలోంచి లోపలికి వెళ్ళాలి. రోగులు కూడా అదే దారిన నడిచారు, దాన్ని దాంతే ద్వారం అంటారు, నరకాన్ని వర్ణించిన ఇటలీ కవి దాంతే పేరు మీద. మా గుంపులో ఒక పెద్దమనిషి గోడ మీద చెయ్యి వెయ్యబోయి ఆగి, ముట్టుకోవచ్చా అని గైడ్‌ని అడిగాడు. ఆ అమ్మాయి నవ్వి జవాబు చెప్పేలోపే నాన్న నన్ను ముందుకి తోశారు. "నేను చెప్తాను, నువ్వు ఇంగ్లీషులో చెప్పమ్మా" అన్నారు. రోగితో చాలాకాలం దగ్గరగా మెలిగితే తప్ప ఇది అంటదనీ, నూటికి తొంభై అయిదు మందిలో దీన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుందనీ, మందు మొదలుపెట్టాక రోగి నుంచి ఇంకొకరికి సోకదనీ వివరంగా చెప్పారు. తర్వాత తన అరచేతిని ఆ గోడకి ఆనించి నిలబడ్డారు. గైడ్ తన కథ ఆపేసి నాన్ననే అడగడం మొదలుపెట్టింది. ఎన్నాళ్ళు మందు వేసుకోవాలి, వేళ్ళు ఎందుకు పోతాయి అని. వేళ్ళు రోగం తినెయ్యదనీ, నరాలు దెబ్బతిని స్పర్శ పోవడం వల్ల కాలినా కోసుకున్నా తెలియక పుండ్లు పడి అరిగిపోతాయనీ నాన్న చెప్తుంటే అందరూ ఆయన చుట్టూ చేరారు. నా చిన్నతనంలో మా వీధిలో ఎవరూ ఆయన్ని ఈ ప్రశ్నలు అడగలేదు.

లోపల తెలుసుకోవాల్సింది చాలా ఉంది. బయటికి వెళ్ళే ఉత్తరాలకు క్రిమిసంహారం చేసిన గది, బట్టలుతుక్కునే తొట్లు, సెయింట్ పాంటెలేమోన్ చర్చి. 1936లో ఎపామినోండాస్ రెమౌండాకిస్ అనే లా చదివే కుర్రాడు రోగిగా ఇక్కడికి వచ్చి, మిగతా రోగుల్ని కూడగట్టి సంఘం పెట్టాడు. వీధులు శుభ్రం చేయించడం, ఇళ్ళకి సున్నం వేయించడం, హక్కుల కోసం ప్రభుత్వంతో పోరాడటం అన్నీ ఆ సంఘం పనే. కాఫీ కొట్టు, క్షౌరశాల, బడి పుట్టుకొచ్చాయి. వద్దన్నా పెళ్ళిళ్ళు జరిగాయి, పిల్లలు పుట్టారు. ఈ పెళ్ళిళ్ళ సంగతి వినగానే నాన్న నా వైపు తిరిగి, "మన దేశంలో కుష్ఠు ఉందని విడాకులిచ్చే వీలు 2019 దాకా చట్టంలోనే ఉంది, తెలుసా?" అన్నారు. నాకు తెలియదు. 1898 నాటి కుష్ఠు రోగుల చట్టం కూడా మనం 2016లోనే రద్దు చేశాం. దేశస్థాయిలో ఈ రోగాన్ని అదుపు చేశామని 2005 చివరికల్లా ప్రకటించుకున్నాం గానీ, ఇప్పటికీ ఏటా లక్షకు పైగా కొత్త కేసులు మన దేశంలోనే బయటపడుతున్నాయి. ప్రపంచం మొత్తంలో సగానికి పైగా మనవే. ప్రకటన వచ్చాక ఇంటింటికీ తిరిగే వర్కర్లని తగ్గించేశారు. అదే పెద్ద తప్పని నాన్న గట్టిగా నమ్ముతారు. నేనూ నమ్ముతాను.

నాకు కోపం తెప్పించిన విషయం ఒకటి ఉంది. దీవి చివర శ్మశానం ఉంది, సిమెంటు పలకల కింద సమాధులు. వాటి మీద కూర్చుని సెల్ఫీలు దిగుతున్నారు, అందులో మనవాళ్ళూ ఉన్నారు. దయచేసి మీరు అలా చెయ్యకండి. మన దగ్గర అమ్మే గ్రీస్ ప్యాకేజీల మీదా నాకు కోపమే. సాంటొరీనిలో నీలం గుమ్మటం ముందు ఫొటో, మికోనోస్‌లో ఒక రాత్రి, మధ్యలో ఇండియన్ లంచ్, అంతే. క్రీట్ పేరే ఉండదు. డబ్బు పోసి యూరప్ వెళ్ళి ఒక గోడ ముందు ఫొటో దిగి తిరిగొస్తే చూసినట్టా?

వెళ్ళే దారి చెప్తాను. హెరాక్లియన్ నుంచి ఎలూండా కారులో గంటంబావు. పడవలు అయోస్ నికోలావోస్, ఎలూండా, ప్లాకా మూడు చోట్ల నుంచీ ఉంటాయి. మీరు ప్లాకా వెళ్ళండి. అక్కడి నుంచి దీవి ఎదురుగానే ఉంటుంది, పది నిమిషాల ప్రయాణం. చిన్న పడవలు తరచుగా తిరుగుతాయి కాబట్టి మీకు నచ్చినంతసేపు ఉండొచ్చు. పెద్ద పడవలవాళ్ళు గంట, గంటన్నరలో వెనక్కి రమ్మని తొందరపెడతారు, నాన్నలాంటి మనిషి వెంట ఉంటే అది అస్సలు చాలదు. చలికాలంలో పడవలు దాదాపు ఉండవు, ఏప్రిల్ నుంచి అక్టోబర్ లోపు చూసుకోండి.

అర్కాడి మఠం కూడా బాగుంటుందంటారు. 1866లో తుర్కు సైన్యం లోపలికి చొరబడినప్పుడు మందుగుండు పేల్చుకుని వందలమంది ఆడవాళ్ళు, పిల్లలు ప్రాణాలు వదిలిన చోటు. మాకు కుదరలేదు. హన్యా పట్టణం పాత రేవు సాయంత్రం తిరగడానికి హాయిగా ఉంటుంది, కానీ హెరాక్లియన్ నుంచి నూట నలభై కిలోమీటర్లు, మీ నాలుగు రోజుల్లో ఒకటి దానికే పోతుంది. నేనైతే ఆ రోజు కూడా స్పినలోంగాకే ఇస్తాను. దీవి మీద నీడ లేదు, రాళ్ళు నున్నగా అరిగి జారుతాయి. టోపీ, నీళ్ళు, మంచి పట్టున్న బూట్లు తీసుకెళ్ళండి. మీ ఇంట్లో ఆరోగ్య శాఖలో పనిచేసినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకీ ఒక టిక్కెట్ తీసుకోండి.