రోళ్లపాడు జింకలు, నీ కథలో అన్నదమ్ములు

కర్నూలు

తమ్ముడూ,

నీ కథ చదివాను. బోరు దగ్గర అన్నదమ్ములు కలబడే చోట బాగా రాశావు. గట్టు మీద కూర్చున్న తల్లి చేత ఒక్క మాటా పలికించకపోవడం నాకు చాలా నచ్చింది. కానీ చివర్లో "అడవిలో మృగాలు సైతం తమ జాతిని చంపుకోవు, మనిషే చంపుకుంటాడు" అన్నావు. వినడానికి బాగుంది గానీ అది నిజం కాదు. మనుషుల గురించి ఎంతైనా కల్పించు. జంతువుల గురించి లేనిది రాయొద్దు, అవి వచ్చి కాదని చెప్పలేవు.

కొండముచ్చుల సంగతే చూడు. 1960లలో ధార్వాడ ప్రాంతంలో సుగియామా అనే జపాన్ శాస్త్రవేత్త వాటిని గమనించాడు. కొత్త మగది మందను గెలుచుకున్నాక అందులోని చంటిపిల్లల్ని చంపేసింది. తర్వాత మౌంట్ అబూ కొండముచ్చులను చూసిన సారా హర్డీ దానికి కారణం చెప్పింది. పాలిచ్చే తల్లి తొందరగా ఎదకు రాదు, పిల్ల పోతే వస్తుంది. మంద మీద మగదాని పెత్తనం ఎంతోకాలం నిలవదు కాబట్టి అందాకా ఆగే వీలు దానికి లేదు. మగపులులు కూడా వేరే మగపులికి పుట్టిన కూనల్ని చంపుతాయి. రాయడానికి మనసొప్పదు, నాకు తెలుసు.

సొంత జాతితోనే ఎందుకీ పోరు? 1859లోనే డార్విన్ చెప్పాడు, ఒకే జాతి జీవుల మధ్య పోటీయే అన్నిటికంటే తీవ్రమని. వాటికి కావలసిన తిండి ఒకటే, ఉండే చోటు ఒకటే. మన మార్కెట్ యార్డుకు ఉల్లి తెచ్చిన రైతుకు పోటీ మరో ఉల్లి రైతే గానీ మిరపకాయలు తెచ్చినవాడు కాదు గదా. జింకకు నక్క శత్రువే కావచ్చు. కానీ జింక కోరే గడ్డీ, జింక కోరే ఆడజింకా నక్కకు అక్కర్లేదు.

వీలు చూసుకుని రోళ్లపాడు వెళ్లిరా. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ ఉంటుంది, ఇప్పుడది నంద్యాల జిల్లాలో ఉంది. అక్కడి కృష్ణజింకల్లో నల్లబడిన మగదాన్ని ఒకదాన్ని ఎంచుకుని పొద్దుటి నుంచీ దాన్నే చూడు. ఒకే చోట మళ్లీ మళ్లీ పెంటికలు వేస్తుంది. కంటి ముందున్న గ్రంథిని పుల్లలకు రాస్తుంది. ఇంతవరకూ నాది అని చెప్పడమే అది. ఇంకో మగది వస్తే ముందు మెడ ఎత్తి, బిగుసుకుని నడుస్తుంది. చాలాసార్లు అక్కడే ఒకటి పక్కకు తప్పుకుంటుంది. తప్పుకోకపోతేనే కొమ్ములు కలుస్తాయి, తోపులాట మొదలవుతుంది. ఓడింది పరుగు తీస్తుంది. అది చూసి "కోపంతో రగిలిపోయింది" అని రాయకు. ఏది ముందు తల తిప్పుకుందో, ఎంత దూరంలో ఆగిందో రాయి.

అలా తగ్గడం జాతి క్షేమం కోసమేనని ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే నమ్మారు. 1973లో జాన్ మేనార్డ్ స్మిత్, జార్జ్ ప్రైస్ లెక్కగట్టి అలా అనుకోనక్కర్లేదని చూపించారు. ఎప్పుడూ చివరిదాకా తలపడే జీవి గాయాలతోనే నష్టపోతుంది. తన ఒళ్లు కాపాడుకోవడానికే అది తగ్గుతుంది.

మరి తగ్గనివి? మేడిపండు పొట్టలో పురుగులుంటాయని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆ పురుగులు మర్రి, మేడి జాతి చెట్ల కాయల్లో పెరిగే సన్నటి కందిరీగలే. వాటిలో కొన్ని జాతుల మగవాటికి రెక్కలుండవు. పుట్టిన కాయలోనే చస్తాయి. దొరికే ఆడవి ఏవైనా ఆ కాయలోనే ఉంటాయి. బ్రెజిల్‌లో అలాంటి కాయలు కోసి చూసిన హామిల్టన్ అనే శాస్త్రవేత్త 1979లో రాశాడు, ఆ మగవి దవడలతో ఒకదాన్నొకటి తెగనరుక్కుంటాయని. ఓడి బతికినా వాటికి వేరే కాయ లేదు. నాకు ఇంతకన్నా భయం పుట్టించే పోరు తెలియదు.

నీ కథలో లోటు ఇక్కడే కనబడింది. చిన్నవాడు కొడవలి ఎత్తాడు. ఎందుకు ఎత్తాడంటే "సీమ రక్తం" అన్నావు. ఆ మాట ఇప్పటికే ఎంతోమంది వాడి అరగదీశారు, దానితో మన మనుషులకు అన్యాయం కూడా జరిగింది. రక్తం అనేస్తే ఇంక కారణం వెతకక్కర్లేదు, అందుకే ఆ మాట అంత సులువుగా వస్తుంది. జింక లాగా తల తిప్పుకుని వెళ్లిపోయే దారి వాడికి ఎందుకు లేకపోయింది? ఆ బోరు ఎండితే వాడికి ఇంకేం మిగిలింది? బెంగళూరు పనికి పోగలడా? అప్పు ఎంత, ఎవరి దగ్గర? పెద్దవాడి బోరు ఎన్ని అడుగులు, వీడిది ఎన్ని? మొదటిసారి గొడవ మాటలతోనే ఆగినప్పుడు ఎవరు వెనక్కి తగ్గారు? ఇవేవీ నీ పేజీల్లో లేవు.

చివరి వాక్యం కొట్టేయి. ఆ బోరు వేయించిన రోజుతో ఒక అధ్యాయం రాసి ఉగాదిలోగా పంపు. తల్లిని మాత్రం కదిలించకు.

నీ అన్న