భీమవరంలో బ్యాగు తగిలించుకోబోతున్న అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు భీమవరంలో రూము తీసుకున్నావని, బ్యాంకు కోచింగ్ ఫీజు నాన్నని అడగకుండా ఫుడ్ డెలివరీ చేసి కట్టుకుంటానన్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చింది. మీ నాన్నయితే "బీకాం చదివించింది ఇంటింటికీ బిర్యానీలు మోయడానికా" అని అన్నం మానేసి పడుకున్నాడట. బావ సంగతి నేను చూసుకుంటాను, నువ్వు ఎదురు మాట్లాడకు. నాకు మాత్రం గర్వంగానే ఉంది. మన ఇళ్లలో పాతికేళ్లొచ్చినా ఫోన్ రీచార్జికి తండ్రి జేబు వైపు చూసేవాళ్లని చాలామందిని చూశాను.

అయితే ఫోన్ పెట్టేసేముందు మీ అమ్మ ఇంకో మాట అంది. "లైసెన్సు ఇంకా రాలేదంట్రా, నేర్చుకునేవాళ్లకిచ్చే ఎల్‌ఎల్‌ఆరే ఉంది. అప్పటిదాకా ఫ్రెండు యాప్ ఐడీ మీద తిప్పుతాడంట" అని. ఏదో చిన్న విషయంలా అనేసింది, తనకేం తెలుసు పాపం. నాకు తెలుసు కాబట్టి నిద్ర పట్టలేదు. ఫోన్లోనే తిడదామనుకున్నాను గానీ, ఫోన్లో అయితే నువ్వు "ఊఁ మావయ్యా, ఊఁ మావయ్యా" అంటూ రీల్స్ చూసుకుంటావు. అందుకే రాస్తున్నాను. మొత్తం చదువు.

రెయిన్‌కోటు, పవర్‌బ్యాంకు, ఫోను పెట్టుకునే స్టాండు, బండి కాగితాలు, పొల్యూషన్ సర్టిఫికెట్. ఇవి నీకు చెప్పక్కర్లేదు. టీషర్టుకి, బ్యాగుకి మొదట్లో కొంత పట్టుకుంటారు, దానికి కంగారు పడకు.

స్విగ్గీయా, జొమాటోయా అని నువ్వెలాగూ అడుగుతావు. హైదరాబాదులో కూకట్‌పల్లి వైపూ, తర్వాత భీమవరంలోనూ రెండూ చేసినవాణ్ని. ఆర్డరుకి ఎవరు ఎక్కువిస్తారో చూసి ఎంచుకుంటే తప్పులో కాలేసినట్టే. ఊరిని బట్టి, వేళని బట్టి, వానని బట్టి రేటు మారిపోతూ ఉంటుంది. మొదటి వారాల్లో ఇన్సెంటివ్ బాగుందని మురిసిపోకు, అది ఎప్పుడూ అలాగే ఉంటుందని ఎవరూ రాసివ్వరు. నువ్వు చూసుకోవాల్సింది ఖాళీగా తిరిగే దూరం, ఊరికే నిలబడే టైము. ఆర్డరుకి 35 రూపాయలు చూపించిందనుకో. హోటలుకి ఒక కిలోమీటరు, అక్కణ్నించి కస్టమరు ఇంటికి 3, మళ్లీ హోటళ్లున్న చోటికి 3. మొత్తం 7. వెనక్కొచ్చే మూడింటికి ఎవరూ పైసా ఇవ్వరు. మీ నాన్న బండి లీటరుకి 45 ఇస్తుందనుకున్నా, పెట్రోలు లీటరు 110 లెక్కన 17 రూపాయలు ట్యాంకులోంచే పోయాయి. మిగిలిన 18లో టైర్లు, చైను, ఇంజనాయిలు, నీ నడుం నొప్పి అన్నీ ఉన్నాయి.

ఆ 18 పావుగంటలో వచ్చిందా, ముప్పావుగంట పట్టిందా అన్నది హోటలు చేతిలో ఉంటుంది. ఇప్పుడు నేను కౌంటరుకి ఇవతల ఉన్నాను కాబట్టి నిజం చెప్తాను. రాజమండ్రి కోటిపల్లి బస్టాండు దగ్గర మన టిఫిన్ సెంటర్లో పొద్దున ఎనిమిదింటికి టేబుళ్లు నిండితే, ముందు కూర్చున్నవాళ్లకే పెడతాను. పార్సిలు కోసం వచ్చిన కుర్రాళ్లు బయట బండి మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటారు. జాలేస్తుంది, అయినా పెనం ఒక్కటే కదా. అందుకని బిర్యానీ హోటళ్ల చుట్టుపక్కల తిరుగు. బిర్యానీ గుండిగలో సిద్ధంగా ఉంటుంది, డబ్బాలో పెట్టి ఇచ్చేస్తారు. పెసరట్లు, నూడుల్స్, ఫ్రైడ్ రైస్ అయితే వరుస కోసం నిలబడాలి. మొదటి పది రోజులు ఏ హోటల్లో ఎంతసేపు నిలబెట్టారో ఫోన్లో రాసుకో. రెండు యాప్‌లలోనూ ఉండేది దాదాపు అవే హోటళ్లు. కాబట్టి యాప్ కన్నా ముందు నీకు హోటళ్లు తెలియాలి.

ఇక తేడా అంటావా. నేను చేసినప్పుడు జొమాటోలో గిగ్ అని టైము ముందే బుక్ చేసుకోవాల్సి వచ్చేది, మంచి రేటింగ్ ఉన్నవాళ్లకి ముందుగా దొరికేది. స్విగ్గీలో ఫుల్‌టైమా పార్ట్‌టైమా, ఏ షిఫ్టు, ఏ జోన్ అన్నది ఎంచుకోవాలి. నీకు పొద్దున కోచింగ్ క్లాసులు, మధ్యాహ్నం చదువు. నీకు మిగిలేది సాయంత్రం ఏడు నుంచి. కాలేజీ హాస్టళ్ల పిల్లలు ఆకలేసి ఫోన్లు తీసేదీ అప్పుడే. ఆ టైములో నీకు స్లాటు ఎవరిస్తే వాళ్లే నీకు మంచి యాప్. రాత్రి తొమ్మిదింటికి జువ్వలపాలెం రోడ్డులో ఒక బిర్యానీ పాయింటు ముందు నిలబడి, ఏ రంగు టీషర్టులు ఎక్కువ కదులుతున్నాయో, ఏ రంగువి ఊరికే నిలబడ్డాయో చూడు. అక్కడి కుర్రాళ్లకి టీ ఇప్పించి అడిగితే దాచుకోకుండా చెప్తారు.

రెండిట్లోనూ ఐడీ తీసుకో. 2020 జనవరిలో జొమాటో, ఉబర్ ఈట్స్ ఇండియా వ్యాపారాన్ని కొనేసింది. రాత్రికి రాత్రే ఆ యాప్ మన దేశంలో మూతపడింది. అదొక్కదాన్నే నమ్ముకున్నవాళ్లు తెల్లారేసరికి వేరే యాప్ వెతుక్కోవాల్సి వచ్చింది. అలాగని ఒకదాని ఆర్డరు చేతిలో ఉండగా రెండోది ఆన్ చేశావో, రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టే. ఒకచోట బిర్యానీ చల్లారుతుంది, ఇంకోచోట ఐడీ బ్లాక్ అవుతుంది. కస్టమర్లిచ్చిన క్యాష్ కూడా ఏ రోజుది ఆ రోజే కట్టెయ్. జేబులో ఉంది కదా అని అద్దెకి వాడుకుంటే లిమిట్ దాటి ఆర్డర్లు ఆగిపోతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ పెద్దమ్మ కొడుకు, మీ అన్నయ్య కాలు ఎలా విరిగిందని నీకు చెప్పారు? ఇంటర్వ్యూకి వెళ్తూ బండి మీంచి పడ్డాడని. ఇంట్లో అందరికీ అదే చెప్పాం. అది అబద్ధం. ఇన్నాళ్లూ దాచాం, వాడి పరువు కోసం. ఈ లెటరు రాసేముందు వాడికి ఫోన్ చేసి అడిగాను, "చెప్పు మావయ్యా, వాడికి తప్పకుండా చెప్పు" అన్నాడు.

వాడు ఐటీఐ అయ్యాక హైదరాబాదులో నా రూముకే వచ్చాడు. బండి నడపడం బాగా వచ్చు, లైసెన్సు మాత్రం లేదు. ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక లేక, మన వైపు నుంచే వచ్చిన ఇంకో కుర్రాడి ఐడీ మీద తిప్పడం మొదలుపెట్టాడు. వారం వారం వచ్చినదాంట్లో నాలుగో వంతు ఆ కుర్రాడికి. యాప్ అప్పుడప్పుడు సెల్ఫీ అడుగుతుంది కదా, అడిగినప్పుడల్లా పార్సిలుతో సహా ఆ కుర్రాడి రూముకి పరిగెత్తి మొహం చూపించుకుని వచ్చేవాడు. నేను వద్దన్నాను. "ఒక్క నెలే మావయ్యా" అన్నాడు. నువ్వు మీ అమ్మతో ఏమన్నావో నాకు తెలుసు, ఇదే మాట అనుంటావు.

వానాకాలం. నిజాంపేట రోడ్డులో నీళ్లు నిలిచి గుంట కనబడలేదు. బండి కాలు మీద పడింది, మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగింది. నేను వెళ్లేసరికి వాణ్ని ఎవరో షాపు మెట్ల మీద కూర్చోబెట్టారు. పక్కన ఒక హాస్టలు కుర్రాడు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరా అని చూస్తే ఆర్డరు పెట్టిన కస్టమరే. ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి విషయం చెప్పారట, నడుచుకుంటూ వచ్చేశాడు. ఆటోలోకి ఎక్కించడానికి వాడే సాయం పట్టాడు.

ఆసుపత్రిలో మొదలైంది అసలు కథ. ఆర్డరు మీద ఉండగా దెబ్బ తగిలితే కంపెనీ ఇన్సూరెన్సు ఉంటుందని నాకు తెలుసు, హెల్ప్‌లైనుకి చేశాను. "పార్ట్‌నర్ పేరు చెప్పండి" అన్నారు. ఆసుపత్రి చీటీ మీద ఆధార్ ప్రకారం మీ అన్న పేరుంది. యాప్‌లో ఉన్న పేరు వేరు. వాళ్ల లెక్కలో ఆ రాత్రి దెబ్బ తగలాల్సిన మనిషి వేరే, వాడు ఒళ్లు నలగకుండా రూములో ఉన్నాడు. ఇంకేం ఇస్తారు? అంతలో ఆ కుర్రాడు వచ్చాడు. వచ్చి ముందు మీ అన్న ఫోనడిగాడు. యాప్ లాగౌట్ చేసి, జేబులో పెట్టుకుని, ఆ తర్వాత "కాలెలా ఉందిరా" అన్నాడు. వాణ్ని తప్పు పట్టను. ఐడీ పోతే వాడి ఇల్లు గడవదు.

మీ పెదనాన్న కొబ్బరి తోట తాకట్టు పెట్టి ఆపరేషన్ చేయించాడు. మూడేళ్లు ఆ తోటలో దింపు వేరేవాళ్లే దింపుకున్నారు. వాడి పెళ్లిలో పీటల మీద బాసింపట్టు వేసుకోలేక కాలు చాపుకుని కూర్చుంటే పంతులుగారు ఏదో చమత్కారం ఆడారు, గుర్తుందా? అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. నీ తప్పు కాదులే, అప్పటికి నువ్వు చిన్నపిల్లాడివి, పైగా నీకు ఎవరూ చెప్పలేదు.

ఇంకోటి ఆలోచించు. మీ అన్న తనే పడ్డాడు. నువ్వు ఎవర్నయినా గుద్దితే? లైసెన్సు లేకుండా నడిపావని తేలితే, ఇన్సూరెన్సు వాళ్లు ముందు కట్టినా తర్వాత బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. బండి ఎవరి పేరు మీదుంది? అన్నం మానేసి పడుకున్న ఆయన పేరు మీద.

ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్న 30 రోజులకి డ్రైవింగ్ టెస్టుకి వెళ్లొచ్చు. ఆ నెల కోచింగ్ ఫీజు కోసమే కదా నీ తొందర? ఆ నెల ఫీజు నేను కడతాను. అప్పుగానే రాసుకో, నీ పౌరుషం నాకు తెలుసు. ఈలోపు కేంద్ర ప్రభుత్వం ఈ-శ్రమ్ పోర్టల్లో ప్లాట్‌ఫాం వర్కరుగా పేరు ఎక్కించుకో. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఇలా యాప్‌ల మీద పని చేసే గిగ్ వర్కర్ల సంక్షేమానికి ఆ కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం కట్టాలని అందులో ఉంది. రేపు ఏ స్కీము వచ్చినా ఐడీ ఎవరి పేరున ఉంటే వాళ్లకే లెక్క. ఇంకొకడి పేరు మీద ఎంత తిరిగినా నువ్వు పని చేసినట్టే కాదు.

ఇక మిగిలింది నా భయం. నవ్వుకుంటే నవ్వుకో. రాత్రి తొమ్మిది దాటాక కాలవ గట్టు రోడ్డు మీదకి ఆర్డరొస్తే తీసుకోకు. రేటింగ్ పోతే పోనీ. ఆ గట్లకి గోడ ఉండదు, లైటుండదు, ఎదురుగా ట్రాక్టరు హెడ్‌లైటు మొహాన కొట్టిందంటే రోడ్డెక్కడ అయిపోయిందో, నీళ్లెక్కడ మొదలయ్యాయో తెలియదు. హైదరాబాదులో అంత ట్రాఫిక్కులో నాకెప్పుడూ చేతులు వణకలేదు గానీ, భీమవరంలో గట్టెక్కితే వణికేవి.

చేపల, రొయ్యల చెరువుల మీద కాపలా మకాంల నుంచి కూడా ఆర్డర్లొస్తాయి. ఒకసారి ఉండి వైపు ఒక ఆర్డరు తీసుకున్నాను, మ్యాప్‌లో పిన్ను సరిగ్గా చెరువు మధ్యలో ఉంది. ఫోన్ చేస్తే "ఏరియేటర్ల చప్పుడొస్తుంది కదండీ, అటే వచ్చేయండి" అన్నాడు. చెరువు నీళ్లకి గాలి పట్టించే మిషన్లులే అవి. చుట్టూ అన్నీ చెరువులే, అన్నిట్లోనూ ఏరియేటర్లే. అలాంటప్పుడు మెయిన్ రోడ్డు మీద నిలబడి వాళ్లనే రమ్మను. వస్తారు, ఆకలి వాళ్లది.

సార్వా, అంటే ఖరీఫ్ వరి కోతలు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా, అంటే రబీ వరివి ఏప్రిల్, మే నెలల్లో. ఆ రోజుల్లో సగం రోడ్డు ధాన్యమే. పగలు ఆరబోసి, రాత్రికి కుప్ప చేసి బరకం కప్పి, అంచుల్లో రాళ్లు పెడతారు. చీకట్లో నల్ల బరకం కనబడదు, ఆ రాయి అసలే కనబడదు. చేపల లారీలు వెళ్లాక రోడ్డంతా ఐసు నీళ్లు జారుడుగా ఉంటాయి. అలాంటిచోట ముందు బ్రేకు గట్టిగా పట్టుకోకు. "ఇంకో రెండు ఆర్డర్లు చేస్తే ఇన్సెంటివ్" అని రాత్రి పదకొండింటికి యాప్ ఊరిస్తుంది. అప్పుడు బండి రూము వైపు తిప్పు.

ఆ ఫ్రెండుకి ఐడీ కోసం అడ్వాన్సు ఏమైనా ఇచ్చుంటే వెనక్కి అడగొద్దు, గొడవ పెట్టుకోవద్దు, అదీ నేనే ఇస్తాను. ఎల్‌ఎల్‌ఆర్ ఫోటో వాట్సాప్‌లో పంపు, తేదీ చూడాలి. టేపుతో నుదుటి మీదుగా తల చుట్టుకొలత తీసి అదీ పంపు. ఐఎస్‌ఐ మార్కున్న హెల్మెట్ ఇక్కడ మెయిన్ రోడ్డులో కొని ఆదివారం నేనే తెస్తాను. ఎలాగూ బావతో మాట్లాడటానికి రావాలి. ఆ రోజు నువ్వు కూడా ఇంట్లో ఉండు.

మీ మావయ్య