లైసెన్స్ ఉన్న మెడికల్ షాపులో నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు అమ్మొద్దని పోలీసులు ఆపగలరా?

విజయనగరంలో మీ బావగారి మెడికల్ షాపుకి పోలీసులొచ్చి ట్రమడాల్ (నొప్పి మాత్ర), ఆల్‌ప్రజోలం (ఆందోళన, నిద్రలేమికి ఇచ్చే మాత్ర) అసలు అమ్మొద్దన్నారని, అలా ఆపగలరా అని అడిగారు. నోటిమాటతో అలా నిషేధించే అధికారం పోలీసులకు లేదు. కానీ తనిఖీకి రావొద్దని కూడా అనలేం.

ఈ మందులకు రెండు చట్టాలు వర్తిస్తాయి. 1940 నాటి ఔషధ చట్టం కింద లైసెన్స్, రికార్డులు చూసేది డ్రగ్ ఇన్‌స్పెక్టర్. ఆ చట్టంలోని ఔషధ నేరాలకు పోలీసులు ఎఫ్‌ఐఆర్ పెట్టలేరని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. రెండోది మాదకద్రవ్యాలపై 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం. ఆల్‌ప్రజోలం ముందునుంచీ అందులో ఉంది, ట్రమడాల్‌ను 2018లో చేర్చారు. అక్రమ అమ్మకంపై సమాచారం ఉంటే దీని కింద పోలీసులు సోదా చేయొచ్చు, అరెస్టు కూడా చేయొచ్చు. అందుకే బావగారి టెన్షన్ ఊరికే కాదు.

ఆయన్ను కాపాడేది రిజిస్టరే. ఈ రెండు మందులూ షెడ్యూల్ హెచ్1లో, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మి, ప్రత్యేక రిజిస్టర్‌లో రాయాల్సిన మందుల జాబితాలో ఉన్నాయి. డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారన్నది విడిగా రాసి 3 ఏళ్లు ఉంచాలి. కొన్న బిల్లులూ స్టాకూ సరిపోవాలి. చీటీ లేకుండా, తెలిసిన కుర్రాడే కదా అని ఒక్క స్ట్రిప్ ఇచ్చినా చిక్కే. ఆ కుర్రాడికి అలవాటైతే ఆ ఇంటి గతేమిటో కూడా ఆలోచించమనండి.

పోలీసులు ఏదైనా పట్టుకెళ్తే పంచనామా నకలు అడగాలి. భయపడి స్టాకు పెట్టడం మానేస్తే మాత్రం, బొబ్బిలి నుంచి చీటీతో వచ్చిన క్యాన్సర్ రోగి నొప్పితోనే వెనక్కి పోవాలి.