గెలుపు తేల్చని ప్రోగ్రాం: కొత్తగా కోడ్ రాస్తున్నవారికి ఒక లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కనెక్ట్ ఫోర్ ప్రోగ్రాం మొత్తం చదివాను. ఇద్దరు వంతులవారీగా బోర్డులో బిళ్లలు వేస్తూ, తమవి నాలుగు ఒకే వరుసలో ముందుగా కుదిర్చినవారు గెలిచే ఆట కదా అది. ఐమూలగా నాలుగు బిళ్లలు కుదిరినా ఒక్కోసారి గెలుపు చెప్పడం లేదనీ, మరోసారి ఎవరూ గెలవకుండానే ఆట ముగించేస్తోందనీ, ఎన్ని ఆటలు ఆడి చూసినా కారణం అంతుచిక్కడం లేదనీ రాశావు. ముందు ఆడి చూడటం ఆపెయ్యి. ఒకే బోర్డుకు నీ ఫంక్షన్ (ఒక పని కోసం విడిగా రాసిన కోడ్ భాగం) ఎప్పుడూ ఒకే జవాబు ఇస్తుంది కనుక, జవాబు తప్పిన బోర్డును కోడ్‌లోనే గడి గడికీ పేర్చి, గెలుపు తేల్చే ఫంక్షన్‌ను ఒక్కదాన్నే దాని మీద నడుపు. ఆట మధ్యలో వెతికితే, తప్పు బిళ్ల వేయడంలో ఉందో, వరుస చూడటంలో ఉందో తేలదు.

ఇక లెక్కకు వద్దాం. 6 అడ్డు వరుసలు, 7 నిలువు వరుసలు ఉన్న బోర్డులో నాలుగేసి గళ్ల గెలుపు వరుసలు అడ్డంగా 24, నిలువుగా 21, ఐమూలగా రెండు వైపులా 12 చొప్పున, మొత్తం 69 ఉంటాయి. నీ లూపులు, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్ భాగాలు, చూసేవి కూడా సరిగ్గా 69. అయినా కోడ్ తప్పే! కోడ్‌లో నిలువు వరుసలకు ఎడమ నుంచి 0 మొదలు 6 వరకు సంఖ్యలు కదా. కుడివైపుకు దిగే ఐమూలను నువ్వు 0 నుంచి 2 వరకున్న నిలువు వరుసల్లోనే మొదలుపెట్టావు. 3లో మొదలైనది 6లో ముగుస్తుంది కనుక అదీ బోర్డులోనిదే, దాన్ని వదిలేయడంతో 12కు బదులు 9 మిగిలాయి. ఎడమవైపుకు దిగేదాన్ని 3 నుంచి మొదలుపెట్టాల్సింది 2 నుంచి మొదలుపెట్టావు, అవి 15 అయ్యాయి. రెండు తప్పులూ కలిసి మొత్తాన్ని సరిచేశాయి. అందుకే దిక్కుల వారీగా లెక్కపెట్టమని గట్టిగా చెబుతున్నాను.

ఆ రెండో తప్పుకు ఎర్రర్ ఎందుకు రాలేదంటే, పైథాన్‌లో -1 అనే ఇండెక్స్ (గడి స్థానాన్ని చెప్పే సంఖ్య) చెల్లుతుంది, దాని అర్థం చివరి గడి. 2, 1, 0 తరువాత నీ లూపు -1కి వెళ్లి, కుడి అంచున 6లో ఉన్న బిళ్లను నాలుగోదిగా కలుపుకుంది. ఎవరూ గెలవని ఆట ముగిసిపోవడానికి కారణం ఇదే.

మిగతావి చిన్నవి. నాలుగు గళ్లూ సమానమా అని అడిగే ముందు మొదటి గడి ఖాళీ కాదని చూడు, ఖాళీలు నాలుగూ సమానమే కదా. వంతు మార్చే ముందే గెలుపు చూడు. డ్రా అనే ముందు కూడా గెలుపే చూడాలి, 42వ బిళ్లతోనూ గెలవవచ్చు. చివరగా వేసిన బిళ్ల చుట్టూ మాత్రమే చూసే పద్ధతి వేగవంతమైనదే గానీ, 69 వరుసలు యంత్రానికి ఒక లెక్క కాదు. ప్రస్తుతానికి బోర్డంతా చూడటమే నీకు మేలని నా అభిప్రాయం.

సరిచేశాక, ఖాళీ బోర్డు మీద ఒక్కో వరుసనూ నింపి గెలుపు వస్తోందో లేదో చూడు. ఆ వరుసలోంచి ఒక్కో బిళ్లనే తీసి గెలుపు రావడం లేదని కూడా చూడు. ఈ పరీక్షకు కావలసిన 69 వరుసల పట్టికను మాత్రం అవే లూపులతో తయారుచేయకు, అవే తప్పులు అందులోకీ వస్తాయి. ప్రతి గడి నుంచీ అడ్డంగా కుడికి, నిలువుగా కిందికి, రెండు ఐమూలలుగా కిందికి, ఇలా నాలుగు దిక్కులకూ బయలుదేరి, నాలుగో గడి బోర్డులో ఉన్నవాటినే ఉంచుకో. ఎడమ అంచున మూడు, కుడి అంచున ఒకటి ఉన్న ఆ బోర్డును విడిగా చేర్చడం మరువకు. ఈ పట్టిక దాన్ని పట్టుకోలేదు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి